తలుపు మీద పాల చుక్కలు

వంటింటి తలుపు మీద నాలుగో చుక్క పెడుతుంటే మా ఆయన నవ్వాడు. "ఏందే, వాటర్ క్యాన్లకి చుక్కలా? ఫోన్లో రాసుకోరాదూ?"

సుద్దముక్క వాసనకి నాకు నరసరావుపేటలో మా పాత ఇల్లు గుర్తొచ్చింది. పక్కింటి మరియమ్మత్త రోజూ మాకు అరలీటరు పాలు పోసేది. పోసిన రోజుకో చుక్క, అమ్మ తలుపు మీద పెట్టేది. నాకప్పుడు ఆరేళ్లు. అది అమ్మ సగంలో వదిలేసిన ముగ్గనుకున్నా. వరసలు సమంగా లేవని నెలాఖరున ఇంకో ఐదు చుక్కలు పెట్టి, అన్నీ చక్కగా కలిపేశా.

ముగ్గు చూసి అమ్మ నవ్వింది గానీ, చుక్కలు లెక్కబెట్టి డబ్బాలో డబ్బులు చూసుకున్నాక బిక్కమొహమేసింది. పాల డబ్బులకొచ్చిన అత్తతో అంది, "వదినా, డబ్బులు చాలలా. వారం ఆగుతావా?"

అత్త తలుపు వంక చూసింది. "నెలంతా పోశానా? గేదె తన్ని పాలు ఒలకబోసిన రోజులు ఐదున్నయ్యి. అవి కూడా మీరే తాగారా ఏంది?"

అమ్మ నా వైపు చూసింది. నేను ఏడుపందుకున్నా.

"ముగ్గు చానా బాగుంది లేవే," అని అత్త ఐదు రోజులవి తీసేసి మిగతాయి తీసుకుంది. డబ్బాలో డబ్బులు సరిపోయాయి. అత్త నోరు మెదపకపోతే ఆ ఐదు రోజులవీ అమ్మ ఇచ్చేసేదేనని నాకు పెద్దయ్యాకే తట్టింది.

మర్నాడు పొద్దున అత్త పాలు పోయగానే అమ్మ సుద్దముక్క నా చేతికే ఇచ్చింది. ఒకే ఒక్క చుక్క పెట్టి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డా.