పై వాటాలో ఇంటిగలావిడ

దయ్యాల్ని నమ్మేదాన్నయితే ఈ సంగతి ఎప్పుడో పదిమందికీ చెప్పేసి ఉండేదాన్ని. నమ్మను కాబట్టే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. చిన్నప్పుడు ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, అది ఎన్నింటికి వచ్చింది, ఎవరు చూశారు, చూసినాయన కళ్లజోడు పెట్టుకున్నాడా అని అడిగి చెప్పేవాళ్ల ఉత్సాహం మీద నీళ్లు చల్లేదాన్ని.

అనుమానం పెనుభూతం అంటారు గానీ నాకు అనుమానం అన్నం పెట్టే ఉద్యోగం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరైనా వచ్చి తప్పు జరిగిందంటే, మళ్లీ జరిపించి చూపించండి అనడం నా పని. రెండోసారి జరగనిదాన్ని నేను లెక్కలోకి తీసుకోను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

ఇది రెండు వేల నాలుగు చలికాలం మాట. మా ఆయనా నేనూ లండన్ శివార్లలో హారోలో ఒక గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌లో అద్దెకుండేవాళ్లం. భీమవరం నుంచి మా అత్తగారు ఆరు నెలలు ఉందామని సెప్టెంబర్‌లో వచ్చారు. అక్టోబర్‌లో న్యుమోనియాతో ఆస్పత్రిలో పడ్డారు. పది రోజులకు ఇంటికి పంపిస్తూ డాక్టర్ రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి, మార్చి దాకా విమానం ఎక్కించొద్దు. చెమ్మ ఉన్న ఇంట్లో ఉంచొద్దు, ఈ జబ్బు ఇంకోసారి వస్తే ఆవిడ తట్టుకోలేరు.

మా ఫ్లాట్‌లో చెమ్మ తప్ప ఇంకేం లేదు. పడగ్గది గోడకు నల్లటి బూజు పట్టేది. బ్లీచ్ పెట్టి తుడిస్తే వారం తిరిగేసరికి మళ్లీ వచ్చేది. ఆ గదిలో ఆవిడ దగ్గుతుంటే వింటూ కూర్చోవడం తప్ప మాకు ఏం చేయాలో తోచేది కాదు. 'అత్త మంచీ వేము తీపూ లేవ'ని సామెత. అది కట్టినవాళ్లకు మా అత్తగారు తెలీదు. నా పెళ్లయిన కొత్తలో నేను ఆఫీసుకు వెళ్తుంటే కేరేజీ కట్టి, బస్టాపు దాకా తెచ్చి చేతికిచ్చిన మనిషి ఆవిడ. ఆవిడకు నా ఇంట్లో ఏమన్నా అయితే నేను బతికినన్నాళ్లూ మర్చిపోలేను.

సరిగ్గా అప్పుడే మా కంపెనీ నన్ను ఎక్సెటర్‌లో నాలుగు నెలల ప్రాజెక్టుకు వెళ్లమంది. ఆ ఊరున్న డెవన్ తీరం లండన్ కన్నా కాస్త వెచ్చన. పైగా అక్కడ వింటర్ లెట్లు దొరుకుతాయని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ఎండాకాలం సెలవులకొచ్చేవాళ్లకు ఇచ్చే ఇళ్లు నవంబర్ నుంచి ఈస్టర్ దాకా ఖాళీ. మంచాలు, దుప్పట్లు, చెంచాలతో సహా ఉన్నవి ఉన్నట్టు అద్దెకిస్తారు. మనం సూట్‌కేసు పట్టుకుని దిగితే చాలు.

ఎక్సెటర్‌కు రైల్లో అరగంట దూరంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో మూడిళ్లు చూశాను. మొదటిది మూడో అంతస్తు, అత్తగారు మెట్లెక్కలేరు. రెండోదానికి కిటికీలు సరిగ్గా పడటం లేదు. మూడోది కొండవాలు మీద పాత రెండంతస్తుల ఇల్లు. ఇళ్లు అద్దెకిప్పించే ఏజెన్సీ అమ్మాయి తాళం తీస్తూనే "సౌత్ ఫేసింగ్" అంది గర్వంగా. చలికాలం ఎండ అటునుంచే వస్తుంది కాబట్టి ఇంగ్లండ్‌లో ఇంటికి అంతకన్నా పెద్ద కితాబు లేదు. మన దగ్గర దక్షిణం గుమ్మం ఇల్లు ఊరికే ఇస్తామన్నా ఆలోచిస్తారు.

అక్కణ్నుంచే అత్తగారికి ఫోన్ చేసి చెప్పాను.

"యముడి దిక్కు గుమ్మవా, ఇదేం ఇల్లమ్మాయ్" అన్నారు. మళ్లీ తనే, "ఎండొస్తుందా?" అని అడిగారు.

"కాసిన రోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఉంటుంది అత్తయ్యా."

"అయితే తీసుకో. వచ్చేవాడికి గుమ్మం ఎటుంటే ఏవిటి."

కింది వాటా మాకిచ్చారు. హాల్లోనే మెట్లకు ఒక తలుపు, దానికి తాళం. పై వాటా ఓనర్ అట్టిపెట్టుకున్నారని ఏజెన్సీ అమ్మాయి చెప్పింది. ప్రశ్నలు వేసి బతికేదాన్ని, అక్కడ మాత్రం ఇంకో ప్రశ్న వేయలేదు. విజయవాడలో, హైదరాబాద్‌లో నేను అద్దెకున్న ప్రతి ఇంట్లోనూ పైన ఓనర్లే ఉండేవారు. గోడకు మేకు కొట్టిన చప్పుడు వినబడితే చాలు, దిగొచ్చేవారు. ఇక్కడా అంతే అనుకున్నాను.

నేను ఏడింటికి చీకట్లో వెళ్లి ఆరింటికి చీకట్లో వచ్చేదాన్ని. మా ఆయన లండన్ నుంచి శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం వెళ్లేవారు. రోజుకు పదకొండు గంటలు అత్తగారు ఇంట్లో ఒక్కరే. ఆవిడకు ఇంగ్లిష్ రాదు. ఆఫీసులో కూర్చున్నా నా మనసంతా ఆ ఇంట్లోనే ఉండేది.

రెండో వారంలో, అన్నం తింటూ ఆవిడే మామూలుగా చెప్పారు.

"ఇంటిగలావిడ మంచిదేనమ్మాయ్. రోజూ దిగొచ్చి కాసేపు కూచుంటుంది."

ముసలావిడట. తెల్లజుట్టు, గోధుమరంగు స్వెటరు, మెత్తటి చెప్పులు. పదింటికల్లా వస్తుందట. భాష రాకుండా ఇద్దరూ ఎలా మాట్లాడుకుంటున్నారని అడిగాను.

"మాటలెందుకే. చెయ్యి చూపిస్తే తెలీదూ? కాఫీ ఇస్తే మాత్రం వద్దని చెయ్యడ్డం పెడుతుంది. మన కాఫీ వాళ్లకి పడదు కాబోలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇల్లు కూడా మారుతూ వచ్చింది. అక్కడ చెక్క చేతుల పెద్ద కుర్చీ ఒకటుండేది. పొద్దున వంటింటి కిటికీ దగ్గర, మధ్యాహ్నం ముందుగదిలో, రెండు దాటాక పడమటి గదిలో, ఎండ ఎటు పోతే అటు ఆ కుర్చీని జరపడం ఇంటిగలావిడ నేర్పిందట. ఇద్దరూ కలిసి జరుపుతారట. కుర్చీ వెంట అత్తగారూ నడవాలి కదా, దాంతో ఆవిడకు నాలుగడుగులు వేయడం అలవాటైంది. మూడింటికల్లా కర్టెన్లు దగ్గరికి లాగేస్తున్నారు, లోపలి వెచ్చదనం పోకుండా. తలుపు కింద సందులో గుడ్డ చుట్ట పెడుతున్నారు. డిసెంబర్ చివరికి దగ్గు సగం తగ్గింది. ఇంటిగలావిడకు థాంక్స్ రాసి, క్రిస్మస్ కార్డు మెట్ల తలుపు కిందనుంచి లోపలికి తోశాను. శని, ఆదివారాల్లో మాత్రం ఆవిడ వచ్చేది కాదు. మేం ఇంట్లో ఉంటాం కదా అని మొహమాటపడుతోందనుకున్నాం.

జనవరిలో మంచు పడింది. అత్తగారికి జలుబు చేసి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఐదోరోజు నేను ఆఫీసు నుంచి వచ్చి కోటు విప్పుతుంటే, చెప్పనా వద్దా అన్నట్టు నిలబడ్డారు.

"ఇంటిగలావిడ ఇవాళ ఊరుకోలేదమ్మాయ్. నా కాలు నీకు చూపించమంటుంది. నీ కోటు తగిలించే కొక్కెం చూపిస్తుంది, నా కాలు చూపిస్తుంది. ఒకటే గోల."

చీర కుచ్చిళ్లు పైకి తీయించి, రెండు జతల మేజోళ్లు విప్పించి చూశాను. ఎడమ పిక్క వాచి, ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది.

"ఎన్నాళ్లనుంచి?"

"మూడ్రోజులయిందేమో. నువ్వసలే అలిసిపోయి వస్తున్నావు."

పెళ్లయిన ఏడేళ్లలో మొదటిసారి అత్తగారిని గట్టిగా కోప్పడ్డాను. కోప్పడుతూనే టాక్సీకి ఫోన్ చేశాను.

ఆస్పత్రిలో చూస్తే, కాలి నరంలో రక్తం గడ్డకట్టింది. అది కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉంటే, ఆ ఊపిరితిత్తులతో బతికేవారు కాదని డాక్టర్ నా మొహం మీదే చెప్పింది. ఎవరు గమనించారని అడిగింది. మా ఇంటి ఓనర్ అన్నాను. ఆవిడకు రుణపడి ఉన్నారు మీరు, అంది.

అత్తగారు ఇంటికొచ్చిన శనివారం పొద్దున్నే పువ్వులూ చాక్లెట్లూ కొనుక్కొచ్చి మెట్ల తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. పోనీ ఏజెన్సీలో ఇచ్చి పంపిద్దామని వెళ్లాను. ఆ అమ్మాయి నావంక వింతగా చూసింది. ఓనర్ ఒక మగాయన, పెళ్లి కాలేదు, చలికి తాళలేక ఏటా నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా స్పెయిన్‌లో ఉంటాడు. పైన ఆయన సామాను తప్ప మనుషులెవరూ లేరు.

నేను నమ్మలేదు. ఆ అమ్మాయి తాళంచెవి తీసుకుని నాతో వచ్చింది. మెట్ల తలుపు తీయగానే నేను తోసిన క్రిస్మస్ కార్డు మొదటి మెట్టు దగ్గరే పడి ఉంది. పైన సోఫాల మీద దుప్పట్లు, వాటి మీద దుమ్ము. నేల మీద మా ఇద్దరి అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

అప్పుడు కూడా నాకు దయ్యం అన్న మాట తోచలేదు. పాత తాళంచెవి ఉన్నవాళ్లెవరో ఇంట్లోకి వస్తున్నారనుకున్నాను. ఏజెన్సీ వాళ్లు ఆ మధ్యాహ్నమే వీధి తలుపు, మెట్ల తలుపు, రెండింటి తాళాలూ మార్పించారు. ఓనర్‌కు మెయిల్ పెడితే, తన ఇంట్లో ఏనాడూ అలాంటి ఆవిడ లేదని జవాబిచ్చాడు. ఇరుగుపొరుగువాళ్లూ ఎవరినీ ఎరగమన్నారు.

సోమవారం నుంచి నా ఉద్యోగం నేను చేశాను. పొద్దున వెళ్తూ రెండు తలుపుల సందుల్లోనూ చిన్న కాగితం ముక్క పెట్టాను, తెరిస్తే పడిపోయేలా. కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీశాను. నాకే ఆ కుర్చీని జరపాలంటే ఆయాసం వచ్చేది, కాలి మీద బరువు వేయొద్దని డాక్టర్ చెప్పిన అత్తగారు ఒంటరిగా జరపడం జరగని పని. సాయంత్రం కాగితాలు పెట్టినచోటే ఉన్నాయి. సుద్దగీతలు వంటింట్లో, కుర్చీ పడమటి గదిలో. మంగళవారం అంతే. బుధవారం అంతే. మళ్లీ జరిపించి చూపించమనే మనిషిని నేను. మూడుసార్లు జరిగాక ఇంక అడగడానికి నాకేం మిగల్లేదు. గురువారం సుద్ద ముట్టుకోలేదు.

శుక్రవారం మా ఆయన రాగానే వంటింట్లోకి లాక్కెళ్లి అంతా చెప్పాను. ఆయన తెల్లారేసరికి సామాను సర్దేద్దామన్నారు.

"ఎక్కడికి? ఆ బూజు గదికా?" అన్నాను. "ఆవిడ ఇప్పటిదాకా మనకు చేసిన అపకారం ఒక్కటి చెప్పండి, ఇప్పుడే వెళ్లిపోదాం."

ఆయన "అమ్మకు చెప్పకు, భయపడుతుంది" అని మాత్రం అన్నారు.

ఉండిపోయాం. నేను భయపడలేదంటే అబద్ధం. కానీ భయం కన్నా కృతజ్ఞతే ఎక్కువగా ఉండేది, అది నాకే ఆశ్చర్యం. రోజూ పొద్దున బయల్దేరేటప్పుడు, అత్తగారికి వినబడకుండా, మెట్ల తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి "అత్తయ్య జాగ్రత్తండీ" అని చెప్పి వెళ్లేదాన్ని. నమ్మకం లేకుండా ఒక మనిషి చేసే పనేనా అది అంటే, ఏమో, చేశాను.

మార్చిలో ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. డాక్టర్ విమానం ఎక్కొచ్చన్నారు. ఇల్లు ఖాళీ చేసే రోజు అత్తగారు పెట్టె అడుగునుంచి ఒక రవికె గుడ్డ, పసుపు కుంకుమ పొట్లాలు తీశారు. ఒక పళ్లెం ఇవ్వమన్నారు.

"ఇంటిగలావిడ ఊళ్లో లేరట అత్తయ్యా. స్పెయిన్ వెళ్లారట" అన్నాను.

ఆవిడ నావంక చూసి నవ్వారు.

"నీకు అబద్ధం చేతకాదమ్మాయ్. ఆవిడ ఇంటిగలావిడ కాదని నాకు తెలీదనుకున్నావా?"

ఎప్పటినుంచి తెలుసని అడిగాను.

"కాలు చూసిన రోజునే. వంగి పిక్క మీద చెయ్యేసింది. వెయ్యడం చూశాను, నాకు తగల్లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వు భయపడి ఇల్లు మారుస్తానంటావు. ఆ చలిలో నన్నేసుకుని ఎక్కడ తిరుగుతావే? అసలే సగం చిక్కిపోయావు." పళ్లెంలో రవికె గుడ్డ సర్దుతూ, "అయినా ఆవిడ ఎవరైతే నాకేం. ఈ మాత్రం ఎవరు చూస్తారు" అన్నారు.

పళ్లెం ఎండలో ఉన్న కుర్చీలో పెట్టి, రెండు చేతులూ జోడించి, వెళ్లొస్తానమ్మా అని చెప్పి వచ్చారు. నేను కూడా ఆవిడ వెనకే నిలబడి దణ్ణం పెట్టాను. ఆ పళ్లెం చూసి ఏజెన్సీ అమ్మాయి ఏమనుకుందో తెలీదు. మమ్మల్నెప్పుడూ అడగలేదు.

అత్తగారు ఆ తర్వాత పదకొండేళ్లు బతికారు. నేను ఇప్పటికీ ఆ చలికాలాన్ని తిరగేసి చూస్తుంటాను. ఒంటరితనంతో ఆవిడ మనసు కల్పించుకుందనుకుంటే ముసలావిడ సంగతి తేలుతుంది, కుర్చీ సంగతి తేలదు. ఎవరో దొంగతనంగా వచ్చారనుకుంటే కుర్చీ సంగతి తేలుతుంది, తాళాలూ కాగితాలూ తేలవు. దయ్యాల్ని నేను ఇవాళ కూడా నమ్మను. ఇది ఏమిటో మాత్రం చెప్పలేను. నాకు తెలిసింది ఒక్కటే. ఆ నాలుగు నెలలూ రోజుకు పదకొండు గంటలు నేను ఇంట్లో లేను. ఆ పదకొండు గంటలూ మా అత్తగారు ఒంటరిగా లేరు.