పేరు రాయని చీటీ

2022. కరోనా తర్వాత కాలేజీలు కుదురుకుంటున్న ఏడాది. నేను నంద్యాలలో ఒక హెచ్ఐవీ పరీక్షా కేంద్రంలో కౌన్సెలర్‌ని. పరీక్షకు ముందు మనిషిని సిద్ధం చేయడం, ఫలితం వచ్చాక పక్కన కూర్చోవడం నా పని. అప్పుడప్పుడూ కాలేజీలకు పోయి పిల్లలతో మాట్లాడాలి కూడా. అప్పటికి పదిహేడేళ్ల సర్వీసు. నాకు తెలియనిదేముందిలే అన్న పొగరు కొంచెం ఉండేది, ఒప్పుకుంటాను.

ఆళ్లగడ్డ వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీకి పిలిచారు. ప్రిన్సిపాల్ గారు కాఫీ ఇప్పించి, జబ్బు గురించి ఎంతైనా చెప్పండి, కండోమ్ మాట మాత్రం ఎత్తొద్దు, తల్లిదండ్రులు మా మీదికొస్తారు అన్నారు. సరేనన్నాను. కాదంటే మళ్లీ పిలవరని భయం. ఆ మాట లేకుండా హెచ్ఐవీ గురించి గంటసేపు మాట్లాడడానికి ఎంత తెలివి కావాలో మీరే ఊహించుకోండి.

చివర్లో చీటీలు. అది నా పద్ధతి. పిల్లలు పేరు రాయకుండా ప్రశ్న రాసి అట్టపెట్టెలో వేస్తారు. ఆ రోజు దగ్గుతో, గంటసేపు మాట్లాడేసరికి నా గొంతు బొంగురుపోయింది. చదివి పెట్టమని పక్కనున్న బాటనీ లెక్చరర్‌కి పెట్టె అందించాను. వారం వారం ఆ పిల్లల రికార్డులు దిద్దే మనిషి ఆయన. ఎవరి చేతిరాత ఎలా ఉంటుందో ఆయనకు కంఠతా వచ్చి ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

నాలుగో చీటీ విప్పి చదివాడు. "కండోమ్ వాడమంటే, నా మీద నమ్మకం లేదా అంటాడు. ఏం చెప్పాలి?"

హాలంతా నవ్వింది. ఆయన చీటీ మడుస్తూ ఆడపిల్లల వైపు ఒకచోట చూపు నిలిపాడు. అది నేను చూశాను. ప్రిన్సిపాల్ నన్నే చూస్తున్నారు. ఇది చదువుకునే వయసు, ముందు చదువు మీద మనసు పెట్టండి అని చెప్పి, ఇంకో చీటీ తీయమన్నాను.

ఏడెనిమిది నెలల తర్వాత ఒక అమ్మాయి మా కేంద్రానికి వచ్చింది. సునీత అనుకుందాం. ఇరవై ఏళ్లు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. తను ఇష్టపడిన అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు పోయి, స్నేహితురాళ్ల ఫోన్ నుంచి చేసినా ఎత్తడం మానేశాడు. అతను హెచ్ఐవీ మందులు వాడుతున్నాడని ఒక స్నేహితురాలు చెవిన వేస్తే, భయపడి కాలేజీ నుంచే బస్సెక్కింది. మేము మూడు రకాల కిట్లతో పరీక్షిస్తాం. మూడూ రియాక్టివ్, అంటే మూడింటిలోనూ గీత పడితేనే జబ్బు ఉందని చెబుతాం. మూడింటిలోనూ పడింది.

చెప్పాను. ఏడవలేదు. నీళ్లిస్తే తాగింది.

"మీరు మా కాలేజీకొచ్చినారు మేడం. ఆ కండోమ్ చీటీ నాదే," అంది.

చీటీ చదివిన సాయంత్రమే లెక్చరర్ ఈమె అన్నకు ఫోన్ చేశాడట. అన్న ఆమె ఫోన్ లాక్కున్నాడు, కాలేజీకి తనే బండి మీద దింపి తనే తెచ్చుకునేవాడు. ఊళ్లో మెడికల్ షాపుల వాళ్లంతా అన్నకు తెలిసినవాళ్లే. ఇంత కాపలాలోనూ ఆమె, ఆ అబ్బాయి కలుసుకోవడం ఆగలేదు. దొంగచాటుగా దొరికే అరగంట అయింది, అంతే. ఆ అరగంటలో అతన్ని ఏమని నిలదీస్తుంది?

ఎప్పటి నుంచమ్మా అని అడిగాను.

"చీటీ రాసినప్పుడు ఇంకా ఏం జరగల్యా మేడం. వాడు అడుగుతాండె, నేను ఆపుతాంటి. మీరేం జెప్తే అదే వానికి జెప్దామనుకున్యా."

తప్పు నాది తల్లీ అన్నాను. కౌన్సెలర్ అలా అనకూడదని శిక్షణలో చెబుతారు. ఆ మాట అనకుండా ఉండలేకపోయాను.

"అప్పుడు ఏం జెప్పాల్సింది మేడం?"

"ఇది నమ్మకం సంగతి కాదు, నా ఒంటి సంగతి. అది లేకుండా కుదరదు. కోపమొస్తే పో, అనాల్సింది."

"ఇంతేనా," అంది.

ఆమెను మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో చేర్పించాను. రోజూ మాత్ర వేసుకుంటే చదువు, పెళ్లి, పిల్లలు అన్నీ ఉంటాయని చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ ఇంట్లో ఆ మాత్రల డబ్బా యాడ దాచాలన్నది ఆమె అడిగిన మొదటి ప్రశ్న.

అందాకా పిల్లలు తెలియక ప్రమాదంలో పడతారనుకునేదాన్ని. సునీతకు అన్నీ తెలుసు. నేను పలకడానికి జంకిన మాటను ఆమె కాగితం మీద రాసింది. లేనిదల్లా, తన తరఫున గట్టిగా ఒక్క మాట చెప్పే పెద్దమనిషి. ఇప్పుడు లెక్చరర్లు బయటుంటేనే మాట్లాడతాను, చీటీలు నేనే చదివి అక్కడే చింపేస్తాను. కొన్ని కాలేజీలు పిలవడం మానేశాయి. ఆ కాలేజీ మాత్రం ఏటా పిలుస్తోంది, అదే షరతుతో. నేను పోవడం లేదు. పోనంత మాత్రాన అక్కడి పిల్లలకు జవాబు చెప్పినట్టు కాదని కూడా నాకు తెలుసు.