బావగారికి మిగిలిన మాట

మా బావగారు బస్సు కండక్టరు. ఆయన నోరు తెరిస్తే చివరి సీట్లో కునికేవాడు కూడా ఉలిక్కిపడి లేచేవాడు. స్కూలు పిల్లల లాగులూ చొక్కాలూ కుట్టే మా ఆయనకీ ఆయనకీ ఒకటే పిచ్చి, సెలవు రోజున పార్కు చెరువులో పరిగెలు పట్టడం. వేలెడంత చేపలు, కూరకు చాలవు. పట్టినవన్నీ మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తారు. గాలం కర్ర తమ్ముడి చేతిలో, పెత్తనం అన్నగారి నోట్లో. నీటి మీద తేలే బెండు మునగగానే "లాగు!" అని ఒక్క కేక పెట్టేవారు. ఆ కేకకే సగం చేపలు పారిపోయేవని నా అనుమానం.

పక్షవాతం వచ్చి ఆయనకు కుడిపక్క పడిపోయింది. మాటలన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలింది. ఆకలేసినా లాగు, దాహమేసినా లాగు. ఆసుపత్రిలో నర్సమ్మ, పాపం, వేసుకునే లాగు అడుగుతున్నారనుకుని ఒకటి వెతికి తెచ్చింది. ఆవేళ అందరం కడుపుబ్బ నవ్వాం. బావగారూ నవ్వారు.

ఇంటికొచ్చాక నవ్వులు ఆగిపోయాయి. కుట్టుమిషను పక్కనే ఆయన మంచం వేశాం. పిలిచినప్పుడల్లా మా ఆయన కుట్టు సగంలో ఆపి లేస్తారు. ఒక్కోసారి ఏం కావాలో తెలుస్తుంది, చాలాసార్లు తెలియదు.

మొన్న ఆదివారం చక్రాల కుర్చీలో చెరువుకు తీసుకెళ్ళాం. మా ఆయన ఎర గుచ్చి గాలం వేశారో లేదో, బావగారు "లాగు" అన్నారు. బెండు కదల్లేదు. అయినా లాగి చూస్తే ఏమీ లేదు. మళ్ళీ "లాగు, లాగు" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"ఏంటన్నయ్యా? మంచినీళ్ళా?"

కాదన్నట్టు తల ఊపారు.

"నొప్పిగా ఉందా? ఇంటికెళ్ళిపోదామా?"

అదీ కాదు.

నేను దుప్పటి సర్దాను, చెప్పులు విప్పాను, కుర్చీ నీడలోకి జరిపాను. ఆయన మంచి చేత్తో తమ్ముడి చొక్కా పట్టుకుని ఇంకా అదే మాట. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఇంత దగ్గరుండీ, ఆ మనిషికేం కావాలో కనుక్కోలేకపోయాం.

చివరికి మా ఆయన, "సరే అన్నయ్యా, అర్థమైందిలే. అలాగే చేద్దాం," అన్నారు.

బావగారు చొక్కా వదిలేశారు. తమ్ముడి ముఖంలోకి చాలాసేపు చూశారు. చిన్నప్పటినుంచీ ఈయన అబద్ధమాడితే ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది.

కాసేపటికి బెండు బుడుంగున మునిగింది. మా ఆయన అటు తిరిగి ముఖం తుడుచుకుంటున్నారు, చూడలేదు. బావగారు చూశారు. కళ్ళు దాని మీదే ఉన్నాయి. నోరు మాత్రం తెరవలేదు.