బాత్రూంలో జారిపడిన కళ్ళు

మొన్న దోహా శివారులోని అల్ వుకైర్‌కు ఇల్లు మారుతూ కారు మీద పరుపు కడుతుంటే, సాగే తాడు చివరనున్న ఇనుప కొక్కెం పట్టు తప్పి నా చెవి పక్కనుంచి రివ్వున పోయింది. మావారు నవ్వారు, నాకు నవ్వు రాలేదు. ప్రపంచకప్ కోసం దోహా అంతా తవ్విపోసిన రోజుల్లో నేనొక కంటి క్లినిక్‌లో పరీక్షలు చేసేదాన్ని. దెబ్బ తగిలిన కంటితో వచ్చేవారిని అడిగి, కారణం రిజిస్టరులో రాయడం నా పని. ఆ రిజిస్టరును నమ్మితే, స్టేడియాలన్నీ పూలు కోసినంత సుతారంగా లేస్తున్నట్టూ, జారేవల్లా కూలీలుండే క్యాంపుల్లోని బాత్రూములే అన్నట్టూ ఉండేది.

నేను నమ్మలేదు. నేల బల్లపరుపుగా ఉంటుంది. ముఖం దానికి కొట్టుకుంటే కనుబొమ ఎముక, చెంప ఎముక, ముక్కు ముందుగా దెబ్బ కాస్తాయి. వాటి నడుమ గుంటలో ఉన్న కంటిగుడ్డును చేరాలంటే, ఆ గుంటకన్న చిన్న వస్తువేదో వేగంగా రావాలి. వీళ్ళ కనుబొమల మీద గీత కూడా ఉండేది కాదు. లోపల మాత్రం రక్తం గూడు కట్టి ఉండేది.

అలా వచ్చినవాడే లారీల మీద టార్పాలిన్లు కట్టే జగిత్యాల మనిషి. వెంట అదే పనిలో ఉన్న బామ్మర్ది.

"బాత్రూంల జారి పడ్డ అక్కా."

"ముఖం మీద ఒక్క గీతా పడలేదేం?"

"మా బావ పడుడు గూడ సాఫ్‌గ పడ్తడక్కా," అన్నాడు బామ్మర్ది.

నాకు ఒళ్ళు మండింది. బామ్మర్ది చుక్కలమందు తేవడానికి వెళ్ళాక, పెద్దాయన గొంతు తగ్గించాడు. "తాడు కొక్కెం ఎగిరొచ్చి తాకింది. సైటుల బోర్డున్నది. వంద దినాలు ఎవ్వలికి దెబ్బ తాకకుంటె అందరికి ఒక దినం ఛుట్టీ, బిర్యానీ. ఇంక పది దినాలే. నా ఒక్క కన్నుకోసం అందరి నోట్ల మన్ను కొట్టాల్నా?"

"రేపు అదే తాడు మీ బామ్మర్ది పట్టుకోవాలి కదా?"

"పైలంగుండుమని చెప్త."

డాక్టరుగారి ఎదుట మళ్ళీ బాత్రూమే అన్నాడు. రోగి ధ్రువపరచని కారణం రాయకూడదన్నది నేను గర్వంగా పాటించిన నియమం. పళ్ళు కొరుకుతూ అదే రాశాను. ఎవరూ తాడు మార్చలేదు.

తొమ్మిదో రోజున బామ్మర్ది వచ్చాడు, బావ చెయ్యి పట్టుకుని. ఈసారి గుడ్డే చిట్లింది. "బాత్రూంల..." అని మొదలుపెట్టబోతే బావ కసిరాడు: "నోర్మూయ్‌రా! రాయక్కా, తాడు. సైటుల. నాది గూడ కొట్టేసి రాయి."

రెండూ రాశాను. సైటులో తాళ్ళు మారాయని తర్వాత తెలిసింది. పెద్దాయన చూపు నెలలో తేరుకుంది. బామ్మర్దిది తిరిగి రాలేదు. తప్పుడు మాట మీద గీత గీయడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. దాన్ని నమ్ముకుని గడిచిపోయిన తొమ్మిది రోజులను కొట్టేయడానికి ఇన్నేళ్ళూ చాలలేదు.