బావ తుపాకీ గురి చూడ్డానికి రంగూన్ దాకా

ఒక్క పాత తుపాకీ చూసి రావడానికి విమానమెక్కి దేశం దాటిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. నన్ను చూడండి. బరంపురంలో మా నాన్న పెట్టిన తుపాకుల మరమ్మతు కొట్టును ఆయన తర్వాత నేనే నడుపుతున్నాను. ఆడది తుపాకీ విప్పుతుందా అని నవ్విన పెద్దమనుషులంతా చివరికి నా దగ్గరే విప్పించుకున్నారు. మొన్న ఎండాకాలంలో రంగూన్ నుంచి తిరిగొచ్చిన మా వీధాయన ఒకరు, మా అక్క చెప్పమందంటూ ఒక మాట మోసుకొచ్చాడు. బావ తుపాకీ గురి తప్పుతోందట, ఎవరు ఏం చెప్పినా వినడట, మరదలొచ్చి చూస్తేనే నమ్ముతాడట.

మా అక్క పేరు సత్తెమ్మ. బావ పేరు అప్పన్న, రంగూన్‌లో పుట్టిన గంజాం వాడు. అడవిపందుల వేటకని తుపాకీ కొనడానికి మా కొట్టుకొచ్చి, తుపాకీతో పాటు అక్కనీ పట్టుకుపోయాడు. తుపాకీ దగ్గర మా నాన్నను మూడు రోజులు బేరమాడి విసిగించాడు గానీ, అక్క దగ్గర కిక్కురుమనలేదు. వాళ్లు ఓడెక్కిన కొన్నేళ్లకే ఆ దేశం తలుపులు వేసేసుకుంది. అక్క ముఖం చూసి పాతికేళ్లు దాటిపోయింది. తుపాకీ వంకన అక్కను చూడొచ్చని బయల్దేరాను, అదీ అసలు సంగతి.

రాత్రి మద్రాసు మెయిలెక్కితే పొద్దున్న హౌరాలో దిగాను. వీసాకు రెండు రోజులు తిప్పారు. వెళ్లేవాళ్లు ఫోటోలు ఎక్కువే పట్టుకెళ్లండి, అడిగినప్పుడల్లా ఇవ్వాలి. చివరికి ఇచ్చింది ఏడు రోజులకే. పాతికేళ్లకి ఏడు రోజులా అని కౌంటర్లో ఆయన్ని అడిగితే, అది తన చేతిలో లేదన్నాడు పాపం.

విమానం మధ్యాహ్నం. పక్క సీట్లో తెల్ల గౌను వేసుకున్న పెద్దావిడ, రంగూన్‌లో బోటాటౌంగ్ పేటలో ఉండే బాప్టిస్టు తెలుగావిడ. నా పని ఏమిటో చెప్పగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, అక్కడ తుపాకీ మాటెత్తకే. కుర్రోళ్లు సర్కారు మీద ఊరేగింపులు సేస్తన్నారు. రోడ్లనిండా సోల్జర్లే. ఆరింటికల్లా ఇంట్లో ఉండిపోవాల" అంది.

కస్టమ్సులో మెళ్లో గొలుసుతో సహా అన్నీ రాయించుకున్నారు. ఎందుకొచ్చావంటే అక్క కోసమన్నాను. అది నిజమే కదా. బయట బావ నిలబడి ఉన్నాడు, లుంగీ మీద ఇస్త్రీ చొక్కాతో. నేను రెండడుగుల దూరంలోకి వచ్చేదాకా నన్ను పోల్చుకోలేదు. పాతికేళ్లాయె, ముసలిదాన్నయ్యాను కదా అనుకున్నాను.

"ఏటి మరదలా, ఇంత సన్నమైపోనావు? కొట్టులో తుపాకులు మేస్తన్నావా?" అన్నాడు.

"నువ్వు మటుకు పందుల్ని కొట్టకుండా కౌగిలించుకుంటున్నట్టున్నావు బావా, బొజ్జ చూడు" అన్నాను.

ఊరంతా చుట్టి వచ్చే రైలు ఒకటుంది అక్కడ. అది నిదానంగా నడుస్తుంది, కిటికీలకు అద్దాలుండవు, కూరగాయల గంపలు మన కాళ్ల మీదే పెడతారు. కానీ ఊరు చూడాలంటే అంతకంటే మంచి బండి లేదు. చిమిండైంగ్ స్టేషన్లో దిగి, బజారు పక్కనుంచి నది వైపు నడిచాం. కర్ఫ్యూకి ఇంకా టైముంది గానీ దుకాణాలు అప్పుడే మూస్తున్నారు. చెక్క మేడ మీద వాళ్లుండే రెండు గదులు. మెట్ల మీదే అక్క నన్ను పట్టుకుని, "ఓలమ్మో, ఓలమ్మో" అనడం తప్ప ఇంకేమీ అనలేకపోయింది. నా పరిస్థితీ అంతే.

మర్నాడు పొద్దున్నే మొహింగా తినిపించారు. చేపల పులుసులో సేమ్యాలాంటిది, మీద వేయించిన శనగపప్పు వడ. వెళ్లినవాళ్లు తప్పకుండా తినండి, వేడి మీదే. లెక్క మటుకు జాగ్రత్త, చాట్లంటే వాళ్ల రూపాయలు, అక్కడ నలభై అయిదు, తొంభై చాట్ల నోట్లుంటాయి. బేరం తెగాక కూడా నేను వేళ్లు మడుస్తూ నిలబడేదాన్ని.

మూడో రోజు అక్కా నేనూ లమ్మడా అనే పేటకి బస్సులో వెళ్లాం. సగం దుకాణాలే తెరిచి ఉన్నాయి. ఇంతలో దూరం నుంచి అరుపులు. కాలేజీ పిల్లలు వరసలు కట్టి వస్తున్నారు, కొందరికి చెప్పులు కూడా లేవు. షట్టర్లు దడదడా పడ్డాయి. అక్క పరిగెత్తలేదు. ఒక ఇంటి ముందున్న మంచినీళ్ల కుండ దగ్గర నిలబడి, వచ్చిన పిల్లలందరికీ కప్పుతో నీళ్లిచ్చింది. వాళ్ల వెనక సోల్జర్ల లారీల చప్పుడు వినిపించాకే నన్ను సందులోకి లాగింది. అక్కడే, చీకటి మెట్ల కింద, చెప్పింది.

"ఒలే, తుపాకీకి ఏటీ అవనేదు. మీ బావ కళ్లే పోనాయి. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా వాసన సూసి తీస్తన్నాడు. వొచ్చే వారం పడవెక్కి పైకెల్తాడట, పొలాల్లో పందుల్ని కొట్టడానికి. ఈ గోలలో సేతిలో తుపాకీ, ఆగమని సోల్జర్లు ఎటేపునించి అరిసినారో కనపడదు. కాల్సీరా? సెప్పు, కాల్సీరా?"

"కళ్లు పోయాయని ఆయనకే చెప్పక్కా."

"సెప్తే ఆ మడిసి మంచం దిగడు. తుపాకీ పాడైపోనాదని నువ్వు సెప్పు. లైసెన్సు తుపాకులు ఠాణాలో పెట్టీమంటన్నారు కదా, పాడైందంటే ఇచ్చీసొస్తాడు. మంచిదంటే దాసీసైనా పట్టుకెల్తాడు."

నాకు ఒళ్లు మండింది. నాన్న కొట్టులో కూర్చున్నాక ఏ తుపాకీకీ లేని రోగం అంటగట్టలేదు నేను. పాతదాన్ని పనికిరాదని చవగ్గా కొట్టేసే వాళ్లను చూస్తే నాకు అసహ్యం. "నా వల్ల కాదు" అన్నాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. "తుపాకీల మీద నీకెంత గురో నాకెరికే. ఆ మడిసి మీద నాకెంత గురో నీకు తెల్దు" అంది. లారీలు వెళ్లిపోయాక బజారుకెళ్లి కోడిగుడ్లు కొనుక్కుని ఇంటికొచ్చాం.

ఆ మర్నాడు పొద్దున్నే బావ తుపాకీ తీశాడు. పాత లుంగీలో చుట్టి, నూనె రాసి, పసిబిడ్డలా దాచుకున్నాడు. మూడు-పదిహేను బోరు రైఫిలు, మన సర్కారు కార్ఖానా సరుకు. మా వైపు రైతులు గడియ తుపాకీ అంటారు. తలుపు గడియలాగే పిడి పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తూటా బయటికి, ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికి. కొనబోయేవాళ్లు నన్నెప్పుడూ అడుగుతారు, ఇంత చవకది సరిగ్గా కొడుతుందా అని. విలాయతీ తుపాకీకి మీరిచ్చే డబ్బులో సగం చెక్కకీ, దాని మీద చెక్కిన నగిషీకీ పోతుంది. అడవిపంది నగిషీ చూడదు. గొట్టం తిన్నగా ఉండి, మూతి దగ్గర అరగకుండా, గడియ బిగువుగా కూర్చుంటే, ఈ మామూలు చెక్క తుపాకీ వంద గజాల్లో అరచేతి మేర తప్పదు. పైగా చెడిపోవడానికి దీంట్లో పెద్ద సరంజామా ఏముంది గనక!

కాల్చి చూసే వీలు లేదు. ఆ గోలలో రంగూన్‌లో ఒక్క తూటా పేలితే వీధి వీధంతా సైన్యం దిగుతుంది. కానీ గడియ తుపాకీలో ఒక సుఖముంది. గడియ పూర్తిగా బయటికి లాగేస్తే, వెనకనుంచి గొట్టంలోంచి తిన్నగా చూడొచ్చు. గొట్టంలో కనిపించే గుర్తూ, పైన గురిపుల్లలో కనిపించే గుర్తూ ఒకటే అయితే గురి సరిగ్గా ఉన్నట్టే. మంచం మీద రెండు బియ్యం బస్తాలు వేసి, తుపాకీని వాటి మీద పడుకోబెట్టి, కిటికీ బయటికి మూతి కనిపించకుండా గది మధ్యలోనే ఉంచాను. అక్క చేట పట్టుకుని కింద గుమ్మంలో కూర్చుంది, వీధిలో ఎవరైనా వస్తే దగ్గడానికి.

కన్ను పెట్టాను. నది అవతల ధాన్యం మిల్లు పొగగొట్టం, గుండ్రంగా మెరిసే గొట్టం నడిమధ్యన నిలబడి ఉంది. పైన గురిలోనూ అదే. లోపల మెలితిరిగిన గీతలు నిన్న కోసినట్టున్నాయి. ఇంత బాగా చూసుకున్న తుపాకీ నా కొట్టుకు ఒక్కటీ రాలేదు.

అక్క మాట నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది నాకు. బావ వచ్చి కూర్చునే లోపు మోకాలితో తుపాకీ వెనక చెక్కను కాస్త తోశాను. గొట్టం కిటికీ వదిలి గోడకు తిరిగింది. గోడకు అక్క నీలం చీర వేలాడుతోంది.

"చూడు బావా. ఏం కనిపిస్తోంది?" అన్నాను.

కన్ను పెట్టి, తాపీగా చూసి, "ఏటుంటాది? మిల్లు గొట్టం. పొగొస్తంది" అన్నాడు.

నేను గోడ మీది చీరను చూశాను. నేను అవుననకపోయేసరికి ఆయనకు అర్థమైంది. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఎటేపు తిప్పినావు?"

"గోడవైపు."

"దొంగగుంటా" అని మెల్లిగా నవ్వాడు. చేత్తో తడిమి గొట్టం దిక్కు చూసుకున్నాడు. "గొట్టం బాగుందా?"

"అద్దంలా ఉంది బావా."

"ఉంటాది. నాను బాగా సూసుకున్నాను." గొంతు తగ్గించాడు. "మరదలా, మీ అక్కకి సెప్పకు. కళ్లు పోనాయంటే బయపడిపోద్ది. ఈ దేశంలో దానికి నాను తప్ప ఎవులున్నారు? తుపాకీయే పాడయినాదని సెప్పు. అందుకే కదా నిన్ను రప్పించినాను."

"మరి పడవెక్కుతానంటున్నావట?"

"ఏటేటా ఎల్లేవోణ్ణి, ఎల్లనంటే ఎందుకెల్లవంటాది. నువ్వు రాకపోతే ఎల్లీవోణ్ణే."

వీళ్లిద్దరూ కలిసి నన్ను ఏడిపించడానికే సముద్రం దాటించారు. ఆయన ముందు కళ్లు తుడుచుకున్నాను, ఎలాగూ కనిపించదు కదా అని. ఆ ఆలోచనకే మళ్లీ ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పేశాను. "గొట్టంలో గీతలన్నీ అరిగిపోయాయక్కా. ఇంక దీనికి గురి కుదరదు."

"నాను ముందే అన్నానా!" అన్నాడు బావ.

"అయ్యో అయ్యో, ఎన్నాల్లు కాసినాది పాపం" అని అక్క అవసరమైన దానికంటే గట్టిగా వాపోయింది. ఆయన తల వంచగానే అక్క నా వైపు చూసి దణ్ణం పెట్టింది. అక్క చారు తేవడానికి లేవగానే ఆయన నా చెయ్యి నొక్కాడు. మంచి తుపాకీని చెడ్డదన్నాను, నా జన్మలో మొదటిసారి. నాన్న ఉంటే ఏమనేవాడో తెలీదు గానీ, ఆ పూట నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను.

మరుసటి రోజు ముగ్గురం ఠాణాకెళ్లాం. బల్ల వెనకున్న పెద్దాయన గడియ లాగి, గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, తల ఊపుతూ "కౌండె, కౌండె" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు. మొహింగా కొట్టులో తినేవాళ్లు రోజూ అంటున్నదే. బాగుంది, చాలా బాగుంది అని. అక్క నేల చూసింది. బావ గోడ చూశాడు. నేను ఇద్దర్నీ చూశాను. సంతకం చేశాక బావ ఒకసారి చెక్క నిమిరి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ఏమంటున్నాడాయన?" అని నేనే అడిగాను, ఊరుకోలేక.

"పాతదంటన్నాడు" అన్నారిద్దరూ ఒకేసారి.

ఏడో రోజు పొద్దున్నే విమానాశ్రయం. రోడ్డు మీద ముళ్లకంచెలు, రెండు చోట్ల ఆపి సంచులు విప్పించారు. వెళ్లదలచుకున్న వాళ్లకు నేను చెప్పగలిగేది ఇదే. ఊరు అందమైనది, జనం మెత్తనివాళ్లు, ఇప్పుడు మటుకు కష్టంలో ఉన్నారు. చూడాల్సిన మనుషులుంటే మంచిరోజుల కోసం ఆగకండి. ఏడు రోజులిస్తే ఏడు రోజులకే వెళ్లండి.

లోపల తనిఖీలయ్యాక విమానం దగ్గరికి ఎండలో నడిచే వెళ్లాలి. సాగనంపే వాళ్లు మేడ మీద కటకటాల వెనక నిలబడతారు. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగాను. బావ చెయ్యి ఎత్తి ఊపుతున్నాడు, ముఖం నిండా నవ్వుతో, అటు చివర నిలబడ్డ ఇంకో విమానం వైపు. అక్క ఆ విమానం వైపోసారి, నా వైపోసారి చూసింది. తర్వాత రెండు చేతులతో ఆయన భుజాలు పట్టుకుని నా వైపు తిప్పింది. ఆయన తిరిగాడు, ఊపుతున్న చెయ్యి దించకుండానే.