గాలివాన బండికి కిరీటం

2003 వేసవి మొదలు. అనకాపల్లి హైవే పక్కన మా బాడీ బిల్డింగ్ షెడ్డు. ఆ మాట వినగానే కండలు పెంచే చోటనుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. లారీ గానీ బస్సు గానీ కంపెనీ నుంచి ఛాసిస్‌గా వస్తుంది. ఇంజనూ, చక్రాలూ, వాటిని కలిపే రెండు ఇనుప దూలాలూ, అంతే. దానికి ఒళ్ళు తొడగడం మా పని. బెల్లం లారీలు కట్టాం, చెరకు తొట్టెలు కట్టాం, పెళ్ళి బస్సులు కట్టాం. గాలివానకి ఎదురెళ్ళే బండి కట్టమని మాత్రం అంతవరకూ ఎవరూ అడగలేదు.

అడిగింది ఒక మేడమ్. విశాఖపట్నంలో వాతావరణం మీద పరిశోధన చేసే బృందానికి ఆవిడ పెద్ద. ఒక మినీ బస్సు ఛాసిస్ తోలించుకుని వచ్చి, మా స్టూలు మీద కూర్చుని, పమిటతో మొహం తుడుచుకుంటూ తనకేం కావాలో చెప్పారు. నేను విన్నాను గానీ ఒక పట్టాన నమ్మలేదు.

“గాలివానొత్తే అందరూ ఇంట్లో దూరతారు కదమ్మా. మీరు దాని దగ్గరకెల్తారేటి?” అన్నాను.

“వెళ్ళాలండీ. మధ్యాహ్నం మాడుగుల కొండల మీద మబ్బు పుడుతుంది. సాయంత్రానికి కిందికి దిగుతుంది. ఏ మబ్బు ఊరికే ఉరిమి పోతుందో, ఏది చెట్లు కూల్చే గాలి తెస్తుందో దూరం నుంచి తెలియడం లేదు. దాని కిందకి వెళ్ళి కొలిస్తే తెలుస్తుంది. తెలిస్తే పొలాల్లో ఉన్నవాళ్ళకి ముందే చెప్పొచ్చు.”

ఆ బండి కోసం ఆవిడ ఏళ్ళ తరబడి పైవాళ్ళని బతిమాలుకున్నారట. ఈ వేసవి గాలివానల్లో సరైన కొలతలు తెస్తే బండి ఆవిడ దగ్గర ఉంటుంది. తేకపోతే ఆఫీసు మనుషుల్ని మోయడానికి తీసేసుకుంటారు. ఆ మాట నవ్వుతూనే చెప్పారు గానీ, చెప్పాక చాలాసేపు ఛాసిస్ వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు ఆవిడ మీద ఇష్టం కలిగింది అప్పుడే.

పని చిన్నదేం కాదు. మేము కట్టేది చెక్క చట్రం, ఆవిడకి కావలసింది అచ్చంగా ఇనుప డబ్బా. పిడుగు పడినా ఆ కరెంటు రేకు మీదుగానే కిందికి జారిపోతుందట, లోపలివాళ్ళకి ఏమీ కాదట. వడగళ్ళకి అద్దాలు పగలకుండా ముందు జాలీ. టాపు మీద చిన్న గొట్టం, దాని కొసన ఎనిమోమీటరు, అంటే గిన్నెలు గిర్రున తిరుగుతూ గాలి వేగం చెప్పే మీటరు. గొట్టం పొడుగైతే చెట్ల కొమ్మలకి తగులుతుంది కాబట్టి రెండు మూరలకి మించొద్దన్నారు. నేనూ మా వెల్డర్లూ రేకు పనిలో పడ్డాం. మేడమ్ మీటర్ల కోసం విశాఖపట్నం వెళ్ళిపోయారు.

ఇక్కడ మా నూకరాజు బావ గురించి చెప్పాలి. మా ఆవిడకి అన్న, మా షెడ్డుకి వడ్రంగి మేస్త్రీ. ముక్కు మీద కోపం, చేతిలో పనితనం. మేము కట్టిన ప్రతి బండికీ క్యాబిన్ పైన ఆయన ఒక చెక్క పలక చెక్కి నిలబెట్టేవాడు. లతలు, తామరలు, అటో చిలక, ఇటో చిలక, మధ్యలో బండివాళ్ళు కొలిచే దేవత పేరు. దాన్ని కిరీటం అనేవాళ్ళం. రోడ్డు మీద ఎదురొచ్చే లారీని చూసి “ఇది నూకరాజు బండి” అని డ్రైవర్లు గుర్తుపట్టేది ఆ కిరీటాన్ని బట్టే. అలాంటి మనిషికి ఈ ఇనుప డబ్బాలో పనే లేకుండా పోయింది. రోజూ వచ్చి, ఉలికి పదును పెట్టుకుని, మా వెల్డింగు మంటల్ని పెళ్ళిలో పిలవని పేరంటాల్లా చూస్తూ కూర్చునేవాడు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది.

రంగులు పూర్తయిన రోజు పొద్దున్న షెడ్డుకి వెళ్ళేసరికి బండి నెత్తిన కిరీటం ఉంది. ఇంట్లో కూర్చుని చెక్కాడట. అంతకు ముందు ఏ లారీకీ అంత నాజూకు పని చెయ్యలేదు. చిలకల రెక్కల్లో ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు.

“బావా, మేడమ్ గీసిచ్చిన బొమ్మలో ఇది నేదు కదా!”

“బొమ్మలో డ్రైవరు కూడా నేడు, మరి డ్రైవర్ని దింపెత్తావేటి? బండి బోడి తలతో రోడ్డెక్కితే నవ్వేది నన్ను, నిన్ను గాదు.”

మేడమ్ వచ్చి చూసి, ఒక్క క్షణం ఆగి, “ఎంత బాగుందండీ!” అన్నారు. మీటరు గిన్నెలు కిరీటం కంటే జానెడు ఎత్తులో ఉన్నాయి కదా, ఫరవాలేదనుకున్నారట. నూకరాజు బావ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి బండిని తియ్యించాం.

అప్పట్లో నాలుగు లైన్ల రోడ్డు వేస్తున్నారు. ఇంకా తెరవని ముక్క ఒకటి మా షెడ్డుకి దగ్గరలోనే ఉంది. తెల్లవారి ఆకు కూడా కదలని వేళ అక్కడ మీటరుకి పరీక్ష పెట్టారు. గాలి లేనప్పుడు బండి నలభైలో పోతే గాలిమీటరు కూడా నలభై చూపించాలి. ముప్పై దాటలేదు. మీటరులో లోపమేమోనని మేడమ్ ఇంకొకటి తెప్పించి బిగించారు. అదీ అంతే చూపించింది. ఇంతలో మాడుగుల వైపు సాయంత్రాలు మబ్బు పట్టడం మొదలైంది. ఒకరోజు దూరాన ఉరుము వినబడింది. మేడమ్ తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టేసి ఆ వైపే చూశారు. తప్పు చెప్పే మీటరుతో వానలోకి వెళ్ళీ లాభం లేదు, వెళ్ళకపోతే బండే ఉండదు. ఆవిడ మొహం చూడలేకపోయాను.

మర్నాడు తెల్లవారే ఆవిడ బజారులో కొన్న ఎర్ర ఊలు ఉండతో వచ్చారు. జానెడేసి దారాలు తుంచి టాపు మీద, పక్క రేకుల మీద, గొట్టానికి, కిరీటానికి అతికించారు. అప్పటికే నాకు అనుమానం తగిలింది. నూకరాజు బావకీ తగిలినట్టుంది, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

“నూకరాజుగారూ, నేను చెబితే మీకు కష్టంగా ఉంటుంది. మీరే చూసి చెప్పండి,” అన్నారు మేడమ్.

డ్రైవరు సింహాచలం బండి తోలాడు. నా స్కూటరు వెనక నూకరాజు బావ. ఖాళీ రోడ్డు మీద బండి పక్కనే పోతున్నాం. బండి పక్క రేకుల మీద దారాలు బుద్ధిగా వెనక్కి సాగి ఉన్నాయి. కిరీటం వెనక ఉన్నవి మాత్రం పూనకం వచ్చినట్టు ఊగిపోతున్నాయి. గొట్టానికి కట్టిన దారం ఒకసారి పైకి, ఒకసారి పక్కకి, ఇంకోసారి ఏకంగా ముందుకే తిరుగుతోంది. వెనక నుంచి నా భుజం మీద చెయ్యి పడింది.

“బావా, ఆ దారం ముందుకెల్తందేటి?”

“నీ పలకకి కొట్టుకుని గాలి సుడి తిరుగుతంది బావా.”

షెడ్డుకి రాగానే స్కూటరు ఆగకముందే దిగాడు. నిచ్చెన వేసుకుని తనే పైకెక్కాడు. సాయానికి వచ్చిన వెల్డర్ని కసిరాడు. స్క్రూలన్నీ విప్పి, కిరీటాన్ని చంటిపిల్లని దింపినట్టు రెండు చేతులతో దింపి, గోడకి ఆనించాడు. గాలి లేవకముందే మళ్ళీ బండి తోలి చూస్తే మీటరు నలభై దగ్గర బొమ్మలా నిలబడింది. సింహాచలం ఈల వేశాడు. మేడమ్ కళ్ళు తుడుచుకున్నారు. నూకరాజు బావ ఆ సంబరంలో లేడు, ఉలులు సంచీలో సర్దుకుంటున్నాడు.

“ఎక్కడికి బావా?”

“ఇంటికి. ఇనప డబ్బాలు కట్టీ షెడ్డులో నాకేటి పని?”

నేను ఆయన గడ్డం పట్టుకుని బతిమాలే లోపే మేడమ్ వచ్చి అడ్డం నిలబడ్డారు. “మీరు వెళ్ళిపోతే దీన్ని లోపల ఎవరు బిగిస్తారండీ?”

“లోపలేటమ్మా?”

“సీలింగుకి. అక్కడ గాలి లేదు కదా. వాన పడుతున్నంతసేపూ మేము ఆ డబ్బాలోనే కూర్చోవాలి. పైకి చూస్తే ఉత్త రేకు కనబడుతుంది.”

ఆవిడ ఆయన్ని ఊరుకోబెట్టడానికే ఆ మాట అన్నారని నేననుకున్నాను. నూకరాజు బావ గోడకున్న కిరీటాన్నీ, బండి లోపలి సీలింగునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత సంచీ దింపి, “కొలత సూడాల,” అని టేపు అందుకున్నాడు. ఆ పూటంతా బండిలో వెల్లకిలా పడుకుని పలక బిగించాడు. చిలకల రంగులు మళ్ళీ దిద్దాడు.

తర్వాతి వారంలోనే చీడికాడ దగ్గర బండి గాలివానలో పడింది. మర్నాడు షెడ్డుకి తెచ్చారు. టాపంతా వడగళ్ళ సొట్టలు, జాలీ నిండా మామిడి ఆకులు, పక్క రేకు మీద ఏదో కొమ్మ గీసిన గీత. మేడమ్ మాత్రం పదేళ్ళు వయసు తగ్గినట్టు దిగారు. కొలతలన్నీ వచ్చాయట. గాలి ఎప్పుడు మలుపు తిరిగిందో, ఎప్పుడు విరుచుకుపడిందో అంతా మీటరు పట్టుకుందట. ఇక బండిని ఎవరూ తీసుకోలేరన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

నూకరాజు బావకి ఇవేవీ పట్టలేదు. “కిరీటం ఎలాగుందమ్మా? ఊడలేదు గదా?” అన్నాడు.

మేడమ్ నవ్వు తగ్గించారు. “నిజం చెబుతున్నానండీ. వడగళ్ళు మొదలయ్యాక ఒకరి మాట ఒకరికి వినబడలేదు. ఆపేసిన బండి కూడా గాలికి ఊగిపోతోంది. నాతో వచ్చిన అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. సింహాచలం స్టీరింగు వదిలి దండం పెడుతున్నాడు. నాకూ భయం వేసింది. టార్చి వేసి, చిలకల ఈకలు లెక్కపెట్టమని ఆ అమ్మాయి చెవిలో అరిచాను. మొదట తను, తర్వాత సింహాచలం, తర్వాత నేను. ఎవరి లెక్కా కలవలేదు, గొంతు చించుకుని దెబ్బలాడుకుంటుంటే వాన వెలిసింది.”

“రెండు రెక్కల్లోనీ సమానంగా ఉండవమ్మా. ఎడమ పక్కన ఒకటి తక్కువ. ఉలి జారిపోనాది,” అన్నాడు బావ. బండెక్కి, ఆ ఈక ఉండవలసిన చోటు వేలితో తడిమాడు.

చేసిన పని ఎంత అందంగా ఉన్నా దాని చోటు ఏదో తెలిసేదాకా పని పూర్తి కానట్టేనని నాకు ఆ బండి నేర్పింది. చోటు మార్చమని చెప్పేటప్పుడు చేసిన చేతిని చిన్నబుచ్చకూడదని మేడమ్ నేర్పారు. నూకరాజు బావ ఏం నేర్చుకున్నాడో నోటితో ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ ఆనాటి నుంచి ఏ లారీకైనా కిరీటం బిగించాక దానికి ఎర్ర ఊలు దారాలు కట్టి, లారీని రోడ్డు మీద తోలించి, నన్ను స్కూటరు తియ్యమని, వెనక కూర్చుని ఒక చుట్టు చూసొస్తాడు. దారం మరీ పిచ్చిగా ఊగితే కిరీటం అంచు కొంచెం చెక్కి వాలు పెడతాడు.

ఆమధ్య ఒక లారీ ఓనరు ఆ దారాలు చూసి అడిగాడు. “నిమ్మకాయలు తెలుసు, మిరపకాయలు తెలుసు. ఈ ఊలు దారమేటి మేస్త్రీ?”

నూకరాజు బావ ముడి బిగిస్తూ తల తిప్పకుండానే చెప్పాడు.

“గాలి ఏటంతాదో కూడా ఓపాలి అడుగుదారని.”