ఓడ వడ్రంగి పెట్టెలో కాగితాలు

నా చిన్నప్పుడు, కాకినాడ రేవుకు ఇంకా తెరచాప ఓడలు వచ్చే రోజుల్లో, మా ఇంటి వెనక గదిలో ఒక అమెరికా మనిషి చనిపోయాడు. ఓడ వడ్రంగి. జ్వరం వస్తే అతన్ని దించేసి ఓడ వెళ్లిపోయింది. రేవులో గుమాస్తాగా ఉన్న మా తాతయ్య జాలిపడి ఆ గది ఇచ్చి, మర్నాడే పని మీద కాలవ పడవెక్కి రాజమండ్రి వెళ్లాడు.

అంటు జ్వరమేమోనని మా నాయనమ్మకు భయం. జావ, మంచినీళ్లు గుమ్మం దగ్గర పెట్టి వచ్చేసేది. ఆరోనాడు గిన్నెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రేవువాళ్లొచ్చి శవాన్ని తీసుకెళ్లి పూడ్చారు.

తాతయ్య తిరిగొచ్చాక అతని పెట్టె తెరిచాడు. పైనే మడతపెట్టిన పెద్ద కాగితం. విప్పగానే నేను కెవ్వుమన్నాను. దాని మీద పుర్రె, శవపేటిక, వాటికి పైన రెప్పవేయని ఒంటి కన్ను.

"అమ్మో, చేతబడి మనిషండీ! ముందు వాటిని పొయ్యిలో పడేయండి" అంది నాయనమ్మ.

తాతయ్య కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ చదివి చెప్పసాగాడు. అది వాళ్ల ఊరి లాడ్జి ఇచ్చిన పత్రంట. లాడ్జి అంటే, ఒక కడుపున పుట్టకపోయినా అన్నదమ్ములమని ఒట్టు పెట్టుకున్నవాళ్ల సంఘం. అందరం పోయేవాళ్లమేనని గుర్తుండడానికే ఆ పుర్రె, శవపేటిక. ఆ కన్ను అందర్నీ చూసే దేవుడిదట. అడుగున ఒక చిన్న పుస్తకం ఉంది. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా పక్కన కూర్చోవాల్సినవాళ్ల వంతులు అందులో రాసి ఉన్నాయి. పేజీ పేజీలోనూ ఈ వడ్రంగి పేరే.

తాతయ్య చదవడం ఆపేశాడు. "మరి ఇతని పక్కన ఎవరు కూర్చున్నారే?" అన్నాడు.

నాయనమ్మ మొహం పాలిపోయింది. ఆ గది గోడకు ఇవతలే గవ్వలాడుకున్నాను నేను. మూలుగు వినబడితే చెవులు మూసుకున్నాను.

ఆ కాగితాల్లో చిరునామా దొరికి తాతయ్య అతని భార్యకు ఉత్తరం రాయబోతే, "చివర్లో మనం దగ్గరే ఉన్నామని రాయండి. ఆ తల్లి మనసు కుదుటపడుతుంది" అని నాయనమ్మ ఏడ్చింది.

తాతయ్య కలం సిరాలో ముంచాడు. "అబద్ధం రాయలేను. భయపడ్డాం, క్షమించమ్మా అని రాస్తాను" అన్నాడు. అలాగే రాసి, ఆ కాగితాలన్నిటితో పెట్టెను ఓడలో పంపించాడు. జవాబు రాలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. జబ్బు మనిషిని చూడబోతే నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఆ భయం ఇన్నేళ్లకీ పోలేదు. అది పోయేదాకా ఆగను. వెళ్లి చెయ్యి పట్టుకుంటాను.